ఐదు గీతల దొంగ

ఆ శనివారం అగ్నేత పెట్టుకున్న పని ఒక్కటే. ఎలాగైనా సరే, ఒక్క నిమిషంలో ఒక బొమ్మ గీసి పారేయాలి.

వినడానికి ఇదొక పనా అనిపిస్తుంది. కానీ అగ్నేత ముప్ఫై ఏళ్ళపాటు రాజధానిలో ఒక మ్యూజియంలో పురుగుల బొమ్మలు గీసిన మనిషి. పేడపురుగు వెనక కాలికి ఎన్ని వెంట్రుకలుంటే ఆవిడ బొమ్మలోనూ అన్నే ఉండేవి. ఆవిడ ఒక మిడతను మొదలుపెట్టి ముగించేలోపు పక్క గదిలో ఇద్దరు డైరెక్టర్లు రిటైరయ్యారని తోటి ఉద్యోగులు చెప్పుకునేవారు. ఉద్యోగం అయిపోయాక భర్త ప్రెబెన్ సొంత ఊరైన సాన్‌వీకి వచ్చి స్థిరపడింది. దక్షిణాన ఒక చిన్న దీవి మీద చిన్న రేవు పట్టణం అది. అక్కడ తిల్డ అనే కుర్ర టీచరు ఆరుబయట బొమ్మలు గీయడం నేర్పుతోందని విని ఉత్సాహంగా చేరింది. మిగతావాళ్ళు పడవలూ, మేఘాలూ, ఐస్‌క్రీం బండి ముందు క్యూలూ గీస్తుంటే, అగ్నేత రెండు శనివారాలు కలిపి గీసింది ఒక తాడుముడి. అదీ సగమే.

"నాలుగింటికి ఊరేగింపు. మూడింటికల్లా ఇంట్లో ఉండాలి నువ్వు," అన్నాడు ప్రెబెన్, రై రొట్టె మీద వెన్న రాస్తూ.

"ఉంటాను."

"పోయిన వారం కూడా అలాగే అన్నావు. అన్నం చల్లారి గడ్డకట్టాక వచ్చావు."

"ఇవాళ వేరు. ఒక్కో బొమ్మకి ఒక్క నిమిషమేనట."

ప్రెబెన్‌కు కాఫీ పొలమారింది. "నువ్వా? నిమిషంలోనా? పెన్సిలు చెక్కడానికే నీకు పావుగంట కావాలి!"

ప్రెబెన్‌కు ఆ రోజు పెళ్ళిరోజు కంటే ఎక్కువ. సాన్‌వీ చర్చి కప్పు నుంచి మూడు తెరచాప కొయ్యల చెక్క ఓడ ఒకటి వేలాడుతూ ఉండేది. పూర్వం తుఫానులోంచి ప్రాణాలతో బయటపడ్డ నావికులెవరో చేసి ఇచ్చినది. నిండు చూలాలి పొట్టంత ఉంటుంది దాని అడుగు భాగం. చలికాలం మొదట్లో దాని కొయ్య ఒకటి వంగిందని కిందికి దించారు. మరమ్మతు బాధ్యత ప్రెబెన్ తీసుకున్నాడు. మంచు పడ్డన్నాళ్ళూ షెడ్డులో కూర్చుని, ఒక్కో తాడు మార్చి, రంగు వేసి, వార్నిష్ పూశాడు. ఇవాళ దాన్ని భుజాల మీద ఊరేగించి మళ్ళీ చర్చిలో కట్టాలి. బ్యాండు వస్తుంది. జెండాలు వస్తాయి. ప్రెబెన్ ఉపన్యాసం ఉంటుంది. ఉపన్యాసం అద్దం ముందు ఎన్నిసార్లు చదివాడో అగ్నేతకే తెలుసు. నిద్రలో లేపి అడిగినా ఆవిడ అప్పజెప్పేస్తుంది.

పొద్దున్నే అతనూ, పేకాట స్నేహితుడు హోల్గరూ ఓడను తోపుడుబండి మీద చర్చి వరండాకి చేర్చి రెండు స్టూళ్ళ మీద నిలబెట్టారు. చివరి పూత వార్నిష్ గాలికి ఆరాలి. ఊరేగింపు అక్కణ్ణించే బయల్దేరి రేవు దాకా వెళ్ళి తిరిగొస్తుంది. హోల్గర్ కూడలికి అవతల ఉన్న తన సత్రానికి వెళ్ళాడు. ప్రెబెన్ కుర్చీలు వేయించడానికి రేవు సంఘం హాలుకి వెళ్ళాడు.

అదే సమయంలో కూడలి మధ్యలో తిల్డ తన శిష్యులందరినీ పోగేసింది. చేతులు మోచేతుల దాకా మడిచి, జుట్టులో రెండు కుంచెలు గుచ్చుకుని ఉంది. ముందుగా అగ్నేత దగ్గరికే వచ్చి చేయి చాపింది.

"పెన్సిళ్ళు ఇటివ్వండి. రబ్బరు కూడా. జేబులో రెండోది ఉంటుంది, అదీ తీయండి."

అగ్నేత కళ్ళద్దాల డబ్బాలోంచి మూడోది కూడా తీసి ఇచ్చింది. బదులుగా లావుపాటి కుంచె పెన్ను ఒకటి చేతిలో పడింది.

"అందరూ వినండి! కళ్ళు సగం మూసి చూడండి. ఎదురుగా ఉన్నదాని పేరు మర్చిపోండి. నల్లగా ఉన్నది నలుపు, వంగి ఉన్నది వంపు, అంతే! నేను గంట కొట్టగానే కాగితం చించి కింద పడేయండి. మళ్ళీ దాని మొహం చూడొద్దు. ఇవాళ ఎవరూ మంచి బొమ్మ గీయకూడదు!"

గంట కొట్టింది. అగ్నేత పావురాన్ని ఎంచుకుంది. మళ్ళీ గంట కొట్టేసరికి ముక్కు అయింది. రెండోసారి పసిపిల్లల బండిని ఎంచుకుంది. తిల్డ భుజం మీంచి తొంగిచూసింది.

"చక్రం చువ్వలు లెక్కపెడుతున్నారా?"

"లెక్కపెట్టకపోతే ఎన్ని గీయాలో ఎలా తెలుస్తుంది?"

"ఒక్కటీ గీయకండి. చక్రం దానంతటదే తిరుగుతుంది."

అగ్నేతకు ఏడుపొచ్చినంత పనైంది. సరిగ్గా అప్పుడే సముద్రం మీంచి గాలి విసురుగా వచ్చి ఆవిడ జుట్టునంతా మొహం మీదికి తెచ్చి కప్పేసింది. ఏమీ కనబడలేదు. గంట మాత్రం కొట్టేసింది. చేయి ఆగితే ఎక్కడ నిమిషం అయిపోతుందోనన్న కంగారులో, వెంట్రుకల సందుల్లోంచి కనబడిన దేన్నో పట్టుకుని సర్రున గీసేసింది. ఐదే గీతలు. జుట్టు వెనక్కి తోసుకుని చూసుకుంటే, కాగితం మీద ఏదో నిలబడి ఉంది! అది ఏమిటన్నది కాదు విషయం. అది నిలబడి ఉంది, గాలికి వాలింది, ఇంకో క్షణంలో కదిలేలా ఉంది. బుట్టలో చచ్చిపోయిందనుకున్న చేప చేతిలో ఎగిరిపడితే ఎలా ఉంటుందో, అగ్నేత గుండె అలా ఎగిరిపడింది.

"తిల్డా! తిల్డా!"

"చూడొద్దన్నానా! చించండి, పడేయండి, ఇంకోటి!"

ఇక ఆవిడను పట్టడం ఎవరి తరమూ కాలేదు. కుక్కను గీసింది, గంట కొట్టకముందే దాని యజమానిని కూడా గీసింది. తపాలా పెట్టె, ఐస్‌క్రీం తింటున్న ముసలాయన చొక్కా మడతలు, సత్రం ముందు కుర్చీలు, చర్చి గోపురం, మళ్ళీ కుక్క. చించడం, పడేయడం. చెంపకు సిరా అంటుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని బొమ్మలు గీసిందో ఆ పూట అంతకంటే ఎక్కువే గీసి ఉంటుంది. మధ్యాహ్నానికి తిల్డ అందరినీ రేవు వైపు తోలుకుపోతూ, కింద పడ్డవాటిని ఏరి సంచీలో కుక్కింది. అన్నీ ఏరాననే అనుకుంది. ఒక్కటి మాత్రం గాలికి దొర్లుకుంటూ కూడలి దాటి, చర్చి వరండా మెట్లెక్కి, స్టూళ్ళ మధ్యకి చేరింది.

కాసేపటికి ప్రెబెన్ వార్నిష్ ఆరిందో లేదో చూద్దామని వచ్చాడు. స్టూళ్ళున్నాయి. ఓడ లేదు.

స్టూళ్ళ కింద చూశాడు. వరండా స్తంభాల వెనక చూశాడు. ఓడలు పట్టేంత చోటు లేని పూలకుండీలో కూడా చూశాడు. కూలబడినట్టు కింద కూర్చున్నాడు. అప్పుడు కనిపించింది కాగితం. దాని మీద ఒక ఆకారం. పొడుగ్గా, సన్నగా ఉంది. నెత్తిన మొనదేలిన టోపీ. నడుము దగ్గర బిగించి కట్టిన పొడుగు కోటు. ఒక పక్కకి వాలి, ఒంటికాలి మీద, ఇప్పుడే పారిపోయేలా ఉంది.

తన భార్య ఆ చుట్టుపక్కలే బొమ్మలు గీస్తోందని ప్రెబెన్‌కు తెలుసు. అయినా అనుమానం రాలేదు. అగ్నేత బొమ్మల్లో వెంట్రుకలుంటాయి. ఇందులో మొహం కూడా లేదు. దొంగను చూసినవాడెవడో గబగబా గీసి పెట్టి వెళ్ళాడని అతనికి క్షణంలో అర్థమైపోయింది. ఆ కాగితం పట్టుకుని పక్కనే ఉన్న గెర్డ బేకరీలోకి పరిగెత్తాడు.

"ఓడ పోయింది! ఇదుగో, దొంగ!"

గెర్డ పిండిచేతులు తుడుచుకుని కళ్ళద్దాలు పెట్టుకుంది. బొమ్మను దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది. "హోల్గర్," అంది.

"ఏమిటీ?"

"ఆ ఎడమ భుజం చూడు. ఊళ్ళో అలా వాలి నిలబడేది ఇంకెవరు?"

"పొద్దున్న నాతోపాటు ఓడను మోసింది వాడే కదా!"

"మోసినవాడికే కదా బరువెంతో తెలిసేది."

హోల్గర్ వసంతకాలం నుంచి తన సత్రంలో దాల్చినచెక్క రొట్టెలు గెర్డ దగ్గర కాకుండా అవతలి ఒడ్డు నుంచి తెప్పిస్తున్నాడన్న సంగతి ప్రెబెన్‌కు అప్పుడు గుర్తు రాలేదు. అతను మళ్ళీ బొమ్మ వైపు చూశాడు. ఇందాక ఎవరిలాగానూ లేని మనిషి ఇప్పుడు కొంచెం హోల్గర్‌లా కనబడ్డాడు. గెర్డ అప్పటికే మిఠాయిల ధరల కాగితాలు తీసే మెషీన్ మీద బొమ్మను బోర్లించి బొత్తెడు కాపీలు తీసేసింది.

దీవి మొత్తానికి పోలీసు ఒక్కడే, ఎస్బెన్. ఆ వేసవిలో అతను ఛేదించిన అతిపెద్ద కేసు ఒక గొర్రెది. అది కూడా తనే ఇంటికి వచ్చేసింది. ఓడ పోయిందనగానే అతని మొహం వెలిగిపోయింది.

"ఇన్నాళ్ళకి!" అన్నాడు. వెంటనే సర్దుకుని, "అయ్యో పాపం," అని చేర్చాడు. "మనిషి ఎత్తెంత?"

"బొమ్మలో అయితే అరచేయంత," అన్నాడు ప్రెబెన్.

"హోల్గరేరా, ఇంకా అడుగుతావేం?" అంది గెర్డ. ఆవిడ ఎస్బెన్‌ను లాగులేసుకున్నప్పటి నుంచీ ఎరుగును.

"అలా తేల్చేయకూడదు గెర్డత్తా. నాకైతే మా బావమరిదిలా ఉన్నాడు. కానీ ఆ మాట నేను ఇంట్లో చెప్పలేను." ఎస్బెన్ టోపీ సర్దుకున్నాడు. "ఎవడైనా సరే, దీవి దాటాలంటే ఫెర్రీ ఎక్కాల్సిందే. ఆపేద్దాం!"

రేవులో ఫెర్రీ అప్పుడే బయల్దేరబోతోంది. ఎస్బెన్ కాపీలను స్తంభాలన్నిటికీ అంటించి, బోటు మెట్ల మీద నిలబడి కేకేశాడు.

"పొడుగ్గా, సన్నగా ఉన్నవాళ్ళందరూ దిగి పక్కకి రండి!"

అంటే ఆ దేశంలో దాదాపు అందరూ వచ్చినట్టే. "వీళ్ళంతా దిగిపోతే నేనెవర్ని తీసుకెళ్ళను?" అని కెప్టెన్ పైనుంచి అరిచాడు. ఎస్బెన్ ఏరి ఏరి ఆరుగుర్ని వరసగా నిలబెట్టాడు. సెలవుల్లో వచ్చిన నార్వే దంపతులు, ఎవరో ఫ్లూటు వాయించేవాడు, పళ్ళ డాక్టరమ్మ, ఒక పక్షుల పరిశోధకుడు. చివరివాడు బీరు పీపాలు దింపించుకోడానికి వచ్చిన హోల్గర్. ఏం జరుగుతోందో తెలియక అతను సరదాగా వరసలో చేరాడు.

"అందరూ ఒంటికాలి మీద నిలబడండి," అన్నాడు ఎస్బెన్.

"నేను ఆడదాన్నండీ," అంది పళ్ళ డాక్టరమ్మ.

"బొమ్మలో ఆ సంగతి తేలలేదమ్మా. కొంచెం వాలండి."

సరిగ్గా అప్పుడే తిల్డ తన బృందంతో రేవు గోడ మలుపు తిరిగింది. ఎదురుగా ఎండలో ఆరుగురు పొడుగువాళ్ళు కొంగల్లా ఒంటికాళ్ళ మీద ఊగుతున్నారు. తిల్డకు సంతోషంతో గొంతు కీచుమంది.

"మోడళ్ళు! అదీ ఒంటికాలి మీద! ఎక్కువసేపు నిలబడలేరు, త్వరగా, త్వరగా!"

శిష్యులంతా నేల మీద కూలబడి గీయడం మొదలుపెట్టారు. వాళ్ళెందుకలా నిలబడ్డారని ఒక్కరూ అడగలేదు. అగ్నేత అయితే మోకాళ్ళ మీద కూర్చుని, కాగితాలు ఎగరేస్తూ, నవ్వుతూ గీసింది. ఊగుతున్న పళ్ళ డాక్టరమ్మ నాలుగు గీతల్లో వచ్చేసింది. హోల్గర్ ఐదింట్లో వచ్చాడు. గీస్తూండగానే హోల్గర్ భంగిమ మారింది. కాలు దించాడు. పిడికిళ్ళు బిగించాడు. ఇంకా మంచి బొమ్మ అనుకుంది అగ్నేత. అప్పుడు అతని ఎదురుగా వచ్చి నిలబడ్డవాడు తన మొగుడని గమనించింది.

"ఒరేయ్ ప్రెబెన్! నేను దొంగనా?"

"నేననలేదు. బొమ్మ అంటోంది."

"ఇరవై ఏళ్ళ నుంచి నువ్వు ఊళ్ళో ఉన్నప్పుడల్లా ఒక బల్ల దగ్గర కూర్చుని పేకాడాం కదరా!"

"నువ్వు ఆడే తీరు చూసే నాకు ఎప్పణ్ణించో అనుమానం."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ప్రెబెన్ మొహం పాలిపోయింది. హోల్గర్ తన పీపాల వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సరే. ఇంక నా గడప తొక్కకు. నీ ఊరేగింపుకీ నేను రాను. నీ ఓడని నువ్వే మోసుకో."

"మొయ్యడానికి ఓడేదిరా?" అన్నాడు ప్రెబెన్. చలికాలమంతా ఆ ఓడ తాళ్ళు కట్టిన వేళ్ళు గాల్లో ఊరికే కదిలాయి.

అగ్నేత చేయి ఆగిపోయింది. లేచి అటు వెళ్ళబోతూ, స్తంభం మీద అంటించిన కాగితం చూసింది. తన బొమ్మ! జుట్టు కళ్ళలో పడ్డప్పుడు ఐదు గీతల్లో గీసిన బొమ్మ. మొగుడి దుఃఖం ఒక్క క్షణం మర్చిపోయి, "నా బొమ్మ అంటించారు!" అని గట్టిగా అనేసింది.

రేవంతా ఆవిడ వైపు తిరిగింది.

"ఇది నువ్వు గీశావా?" ప్రెబెన్ దగ్గరికొచ్చాడు. "అయితే నువ్వు దొంగని చూశావు! ఎవరు? ఎవరు వాడు?"

"నాకు తెలీదు. గబగబా గీశాను కదా."

"ముప్ఫై ఏళ్ళు పురుగు కాలి వెంట్రుకలు గీశావు. ఎదురుగా నిలబడ్డ మనిషెవరో తెలీదా!"

"హోల్గర్ అని చెప్పేయమ్మా, పీడా పోతుంది," అంది గెర్డ.

"మా బావమరిది కాదు కదా?" అన్నాడు ఎస్బెన్ చిన్నగా.

"ఎవరైతేనేం," అంది నార్వే ఆవిడ, మళ్ళీ ఒంటికాలి మీదికి మారుతూ. "బొమ్మలో ప్రాణముంది. చూస్తుంటే ఇప్పుడే పారిపోయేలా ఉన్నాడు."

ప్రాణముందట! అగ్నేత చెవులు వేడెక్కాయి. మ్యూజియంలో ఆవిడ బొమ్మలను అందరూ 'సరిగ్గా ఉంది' అన్నారు. ప్రాణముందని ఒక్కరూ అనలేదు. ఆవిడ స్తంభం ముందు నిలబడి కళ్ళు సగం మూసి చూసింది. మొనదేలిన టోపీ. బిగించిన నడుము. ఒంటికాలు. ఆ వెంట్రుకల సందుల్లోంచి కనబడ్డ కూడలి మెల్లగా గుర్తుకొచ్చింది. నడుము పట్టీ గాలికి టపటప కొట్టుకోవడం గుర్తుకొచ్చింది. అంతే, అదేమిటో తెలిసిపోయింది. నోరు మూసుకుని ఊరుకోవచ్చు. ఊరుకుంటే ప్రాణమున్న బొమ్మ గీసిందన్న పేరు ఉంటుంది. చెబితే ఆ పేరూ పోతుంది, ఊరందరి ముందు ప్రెబెన్ పరువూ పోతుంది. కానీ హోల్గర్ అవతల పీపా మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

"ఇది మనిషి కాదు," అంది. "హోల్గర్ సత్రం ముందు మడిచి కట్టిన ఎండ గొడుగు."

ఒక్క గొడుగు ఊరు ఊరంతటినీ అంతసేపు మౌనంగా ఉంచడం సాన్‌వీలో అదే మొదటిసారి.

"గొడుగా!" అన్నాడు ప్రెబెన్ చివరికి. "మనిషిని చూస్తే నాకు తెలీదా? ఇది మనిషే."

"గొడుగుకి ఇంత దొంగచూపు ఎక్కడుంటుంది?" అంది గెర్డ.

"సాక్షి మాట మార్చడం చట్టప్రకారం చాలా తీవ్రమైన విషయం," అన్నాడు ఎస్బెన్.

ఇక లాభం లేక అందరూ కూడలికి నడిచారు. ముందు అగ్నేత, వెనక ప్రెబెన్, ఆ వెనక ఫెర్రీ వదిలేసుకున్న ప్రయాణికులు. తీరా చూస్తే గొడుగు నిండా విచ్చుకుని, దాని కింద ఇద్దరు ముసలమ్మలు కాఫీ తాగుతున్నారు. బొమ్మకీ దానికీ పోలికే లేదు. హోల్గర్ ముసలమ్మల్ని లేపి, గొడుగు మూసి, పట్టీ బిగించి, పక్కకి తప్పుకున్నాడు. గాలికి గొడుగు కొంచెం ఎడమకి వాలింది.

జనం బొమ్మ చూశారు, గొడుగు చూశారు. మళ్ళీ బొమ్మ చూశారు. గెర్డ ఒప్పుకోక తప్పలేదు.

"సరే, గొడుగే," అంది. "అయినా ఆ గొడుగు కూడా హోల్గర్‌లానే ఉంది."

గొడుగు తేలింది కానీ ఓడ తేలలేదు. ఊరేగింపు వేళ దగ్గర పడుతోంది. బ్యాండువాళ్ళు కూడా వచ్చేశారు, కానీ ఏం వాయించాలో తెలియక నిలబడ్డారు. ఏం చెయ్యాలో తోచక జనమంతా చర్చిలోకి వెళ్ళి బల్లల మీద కూర్చున్నారు. ప్రెబెన్ ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఉపన్యాసం జేబులోనే ఉంది. అది ఇప్పుడు పనికిరాదు.

"వంద తుఫాన్లను తట్టుకున్న ఓడ," అన్నాడు, తల వంచుకుని. "నా చేతుల్లో పోయింది. ఇంక ఆ చోటు ఖాళీగానే..."

అగ్నేతకు గుండె తరుక్కుపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఓదార్చడానికి మాటలు రాని మనిషి ఆవిడ. చేతిలో కుంచె పెన్ను ఉంది. కళ్ళు తుడుచుకోకుండానే గీయడం మొదలుపెట్టింది. వంగిన ప్రెబెన్ వీపు ఒక గీత. కిటికీలోంచి పడే వెలుగు రెండు గీతలు. పేరు ఆలోచించకుండా, నల్లగా ఉన్నది నలుపు, వంగి ఉన్నది వంపు అనుకుంటూ చేయి పైకి పోయింది. ప్రెబెన్ తల మీద పెద్ద వంపు ఒకటి. దాని పైన నిలువుగా ఒకటి, రెండు, మూడు.

చేయి ఆపి కాగితం వైపు చూసుకుంది. తర్వాత తల పైకెత్తింది.

"ప్రెబెన్," అంది.

"ఇప్పుడు కాదు అగ్నేతా."

"ఒక్కసారి పైకి చూడు."

ప్రెబెన్ పైకి చూశాడు. ఊరంతా పైకి చూసింది. వార్నిష్ మెరుపుతో, కొత్త తాళ్ళతో, మూడు కొయ్యలూ నిటారుగా నిలబెట్టుకుని, ఓడ తన పాత చోట్లోనే ప్రశాంతంగా వేలాడుతోంది. చలికాలం నుంచి ఖాళీగా ఉన్న తాడును చూసి చూసి, పైకి చూసే అలవాటే ఊరికి పోయింది.

అదే సమయానికి పాస్టరమ్మ రాగ్నిల్డ తడిజుట్టుతో, చంకలో తువ్వాలుతో, సముద్రస్నానం ముగించుకుని లోపలికి వచ్చింది. "అప్పుడే అందరూ వచ్చేశారే!" అని సంతోషించింది. దీపాలు మార్చడానికి అవతలి ఒడ్డు నుంచి ఎలక్ట్రీషియన్ పెద్ద నిచ్చెనతో వచ్చాడట. ఎలాగూ నిచ్చెన ఉంది కదా, ప్రెబెన్‌కి శ్రమ తగ్గుతుంది కదా అని ఓడను కట్టించేసిందట. "మీకు ఫోన్ చేశాను ప్రెబెన్, మీరు ఎత్తలేదు."

ప్రెబెన్ ఫోన్ ఇంట్లో ఊరేగింపు కోటు జేబులో ఉంది. అతను పాస్టరమ్మ వైపు, ఓడ వైపు, బ్యాండు వైపు చూశాడు.

"దింపండి," అన్నాడు.

"అయ్యో, చక్కగా కుదిరింది కదండీ!"

"ఊరేగించకుండా పైకెక్కితే అది ఎక్కినట్టు కాదు. దింపండి."

ఎలక్ట్రీషియన్ ఎక్కడికీ పోలేదు. ఆపేసిన ఫెర్రీలోనే ఇరుక్కుని, లావుగా ఉన్నాడు కనుక ఎవరూ పట్టించుకోక, తన నిచ్చెన పక్కన కునుకు తీస్తున్నాడు. లేపి తీసుకొచ్చారు.

"అంటే, ఇప్పుడు దింపి, కాసేపయ్యాక మళ్ళీ అక్కడే కట్టాలి. అంతేనా?"

"అంతే."

"మీ ఊళ్ళో ఇదే పద్ధతా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా నిచ్చెన ఎక్కాడు.

ఓడ మళ్ళీ వరండాలోకి వచ్చింది. మోతకర్రలు సిద్ధమయ్యాయి. ముగ్గురు వచ్చి నిలబడ్డారు. నాలుగో చోటు ఖాళీ. హోల్గర్ కూడలికి అవతల చేతులు కట్టుకుని, తన గొడుగు పక్కనే, గొడుగులాగే నిలబడ్డాడు. ప్రెబెన్ ఊరందరూ చూస్తుండగా కూడలి దాటి వెళ్ళాడు. అద్దం ముందు అన్నిసార్లు చదివిన ఉపన్యాసంలో ఆ పూటకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.

"ముందు కర్ర నువ్వు పట్టుకోవాలిరా," అన్నాడు.

హోల్గర్ కట్టుకున్న చేతులు విప్పలేదు. "రెండు కాళ్ళ మీదా, ఒంటికాలి మీదా?"

"నీ ఇష్టం. నువ్వు పట్టుకోకపోతే ఓడ కదలదు."

"పేకాట సంగతి?"

"నేనే సరిగ్గా ఆడలేక అన్నాను."

"అది ఊరందరికీ వినబడేలా చెప్పు."

ప్రెబెన్ చెప్పాడు. రెండుసార్లు చెప్పించుకున్నాకే హోల్గర్ వచ్చి కర్ర భుజానికెత్తుకున్నాడు. బ్యాండు ఒక్కసారిగా మోగింది. జెండాలు లేచాయి. నార్వే దంపతులు, పళ్ళ డాక్టరమ్మ, ఫ్లూటు వాయించేవాడు, ఫెర్రీ కెప్టెన్‌తో సహా ప్రయాణికులందరూ వెనక నడిచారు. సాన్‌వీలో అంత పెద్ద ఊరేగింపు ఎప్పుడూ జరగలేదు. తిల్డ వెనక్కి నడుస్తూ గంట కొడుతూనే ఉంది. అగ్నేత పక్కపక్కనే పరిగెత్తుతూ, నవ్వుతూ, ఏడుస్తూ, కాగితాలు గాల్లోకి వదిలేస్తూ గీస్తూనే ఉంది. గెర్డ ఆ కాగితాల్ని ఏరుకుంది, కానీ ఈసారి ఎవర్నీ గుర్తుపట్టలేదు.

ఎస్బెన్ స్తంభాల మీది కాపీలన్నీ పీకేశాడు. కేసు మూసేశాడు. ఇక అంతా సద్దుమణిగిందనే అందరూ అనుకున్నారు.

సోమవారం ఉదయం అగ్నేత, ప్రెబెన్ కాఫీ తాగుతుండగా ఫోన్ మోగింది. ఎస్బెన్. శనివారం హడావిడిలో ఆ బొమ్మను అవతలి ఒడ్డుకి కూడా పంపానని, వద్దని చెప్పడం మర్చిపోయానని నసిగాడు. అవతల పోలీసులు నిన్న సాయంత్రమే మనిషిని పట్టుకున్నారట. పొడుగ్గా, సన్నగా, మొనదేలిన టోపీతో, రెండు దొంగ సైకిళ్ళతో దొరికాడట. బొమ్మ చూపించగానే, ఎవరు గీశారో కానీ తన నడకతో సహా పట్టేశారని మెచ్చుకుని, అన్నీ ఒప్పేసుకున్నాడట.

అగ్నేత ఫోన్ పెట్టేసి, విన్నదంతా మొగుడికి చెప్పింది.

"అది మనిషేనని నేను మొదటే చెప్పాను," అన్నాడు ప్రెబెన్, వెన్న గిన్నె దగ్గరికి లాక్కుంటూ.